దవడకు దొరకని విశ్రాంతి: టెన్షన్, ఖర్రా, తెరుచుకోని నోరు

ఊరికే కూర్చున్నప్పుడు, నోరు మూసి ఉన్నప్పుడు, పై పళ్లూ కింది పళ్లూ తగిలి ఉంటాయా? ఈ ప్రశ్న వేస్తే చాలామంది నోట్లో ఒకసారి చూసుకుని, తగిలే ఉంటాయని చెబుతారు. నిజానికి తగలకూడదు. పెదవులు కలిసి ఉండాలి గానీ పళ్ల వరసల మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. దవడకు అదే విశ్రాంతి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు పళ్లు తగిలే సమయమంతా కూడినా రోజుకు 20 నిమిషాలకు మించదని దంతవైద్యంలో ఎప్పటినుంచో ఒక అంచనా ఉంది. మనసులో ఏదో ఒకటి నలుగుతున్న మనిషికి మాత్రం పళ్లు గంటల తరబడి తగిలే ఉంటాయి. గట్టిగా కొరకనక్కర్లేదు. కొద్దిగా ఆనించి ఉంచినా కండరం పని చేస్తూనే ఉంటుంది.

మహారాష్ట్రలో తెలంగాణను ఆనుకుని ఉన్న చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఈ సంగతికి ఇంకో ముడి ఉంది. బల్లార్‌పూర్ కాగితం మిల్లు, రాజురా తాలూకాలో సాస్తి పరిసరాల బొగ్గు గనులు, గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, చంద్రపూర్ థర్మల్ కేంద్రం, వీటి కాలనీల్లో తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. ప్రాణహిత ఒడ్డున సిరోంచ, అహేరి వైపు పల్లెల్లో అయితే తెలుగు ఇంటి భాషే. షిఫ్టు డ్యూటీలు, పత్తి మీద అప్పులు, మిరప ఏరడానికి తెలంగాణకు వెళ్లే కూలీల బతుకులు, పోలీసు భర్తీ కోసం ఏళ్లు గడిపే కుర్రాళ్ల ఎదురుచూపులు, టెన్షన్‌కు కొదవ లేదు. ఆ టెన్షన్ తగ్గడానికని నోట్లో వేసుకునేది ఖర్రా. వక్క ముక్కలు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి బాగా నలిపి పాన్ ఠేలాల్లో అమ్మే సరుకు ఇది. దీంతో అప్పటికే బిగిసి ఉన్న దవడకు, ఉపశమనం పేరుతో ఇంకొన్ని గంటల పని పడుతోంది. ఈ ప్రాంతంలో దవడ నొప్పి గురించి మాట్లాడాలంటే రెండింటినీ కలిపే చూడాలి. లేకపోతే ఒకదాని లక్షణం ఇంకోదాని ఖాతాలో పడుతుంది.

ఒత్తిడి దవడ దాకా ఎలా వస్తుంది

దవడను పైకి లేపి నోరు మూసే పెద్ద కండరాలు ఒక్కో వైపు మూడు. చెంప ఎముక నుంచి దవడ మూల దాకా దిగేది బుగ్గ కండరం, డాక్టర్లు దాన్ని మాసెటర్ అంటారు. కణత మీద విసనకర్రలా పరుచుకుని ఉండేది రెండోది. మూడోది దవడ ఎముకకు లోపలి వైపు ఉంటుంది, చేతికి అందదు. పళ్లు ఒక్కసారి గట్టిగా కొరికితే మొదటి రెండూ వేలి కింద ఉబ్బడం తెలుస్తుంది. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిస్తే కదిలేది దవడ కీలు. దాని మధ్యలో ఒక మెత్తటి బిళ్ల ఉంటుంది. కీలు కదిలినప్పుడు అది కూడా జరుగుతుంది.

ఈ కండరాలకు ఆదేశాలు త్రిశాఖ నాడి ద్వారా వస్తాయి. భయం, కోపం, ఆందోళన పుట్టే మెదడు భాగాలకూ ఈ నాడి కేంద్రాలకూ దగ్గర సంబంధం ఉంది. ప్రమాదం ఎదురైతే మెడ, భుజాలు, దవడ కలిసి బిగుస్తాయి. పులి ఎదురైనప్పుడు ఇది పనికొచ్చే ఏర్పాటే. (చంద్రపూర్ జిల్లాలో పులి ఎదురవడం ఉదాహరణ కోసం చెప్పే మాట కూడా కాదు.) పులి వెళ్లిపోతే బిగువు వదులుతుంది. అప్పు కిస్తీ, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు, రిజల్టు తేదీ అలా వెళ్లిపోయేవి కావు. కండరంలో సాగుడును పసిగట్టే చిన్న తంతువులు ఉంటాయి. ఒత్తిడి ఎక్కువ రోజులు సాగితే వాటి సున్నితత్వం పెరిగి, కండరం పూర్తిగా వదులవకుండా సగం బిగువులోనే ఉండిపోతుంది. పని చేస్తున్న మనిషికి ఇదేమీ తెలియదు. సాయంత్రానికి "దౌడలు గుంజుతున్నయ్" అన్నప్పుడు మాత్రమే బయటపడుతుంది.

అయితే ఒత్తిడి వల్లే నొప్పి అని ఒక గీత గీసేస్తే సగమే నిజం. రాత్రంతా పళ్లు నూరుతూ పొద్దున ఏ నొప్పీ లేకుండా లేచేవాళ్లున్నారు. పెద్దగా బిగించకపోయినా నొప్పితో సతమతమయ్యేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో 2006లో మొదలైన ఒప్పెరా అనే పెద్ద అధ్యయనం దవడ నొప్పి లేని సుమారు 2,700 మందిని ఏళ్ల తరబడి గమనించింది. ఏటా 100 మందిలో దాదాపు నలుగురికి కొత్తగా దవడ నొప్పి మొదలైంది. వాళ్లెవరో ముందే సూచించినవాటిలో పళ్ల అమరిక పెద్దగా లెక్కకు రాలేదు. ఒంట్లో ఇతర నొప్పులు, మనసు మీద భారం, నిద్ర సరిగా లేకపోవడం ముందు వరసలో నిలిచాయి. నిద్ర విషయంలో ఇంకో సంగతి కూడా తేలింది: నొప్పి మొదలవడానికి ముందే నిద్ర చెడుతూ వచ్చింది. నొప్పి వల్ల నిద్ర పోలేదనే మామూలు లెక్క ఇక్కడ తిరగబడింది. వారం వారం షిఫ్టు మారే గని కార్మికుడికి, అతని కోసం వేళ కాని వేళ లేచి డబ్బా కట్టే ఇల్లాలికి ఇది చిన్న విషయం కాదు.

పగటి బిగువు వేరు, రాత్రి నూరుడు వేరు

రెండింటినీ ఒకే గాటన కట్టడం చాలాకాలం సాగింది. 2018లో ఈ రంగంలోని అంతర్జాతీయ నిపుణులు రెండింటికీ వేర్వేరు నిర్వచనాలు ఇచ్చారు. పగలు జరిగేది ఎక్కువగా బిగించి ఉంచడం, పళ్లు ఆనించడం, దవడను ఒక పక్కకు నెట్టి పట్టుకోవడం. మానసిక ఒత్తిడితో గట్టి సంబంధం ఉన్నది దీనికే. రాత్రి నూరుడు నిద్ర లోపలి వ్యవహారం. పూర్తిగా మెలకువ రాకుండా నిద్ర క్షణాల పాటు తేలికపడే సందర్భాలు రాత్రిలో చాలా ఉంటాయి. ముందు గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరం లయగా కదులుతుంది. పెద్దవాళ్లలో సుమారు 8 శాతం మంది రాత్రి పళ్లు నూరుతామని చెబుతారు. ఒత్తిడితో దీని సంబంధం జనం అనుకున్నంత నేరుగా లేదు. మద్యం, పడుకునే ముందు తాగే కడక్ చాయ్, పొగాకు, గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగడం, పులితేన్పులు, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు దీన్ని పెంచవచ్చు. పొగతాగేవాళ్లలో రాత్రి నూరుడు దాదాపు రెట్టింపు. ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మాత్రలు మొదలుపెట్టాక పళ్లు బిగియడం కనిపిస్తే సొంతంగా ఆపేయకూడదు, రాసిన డాక్టరుకు చెప్పాలి.

మద్యం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు. నిషేధం ఉన్నచోట కూడా నిద్ర పట్టడానికని తాగే అలవాటు పూర్తిగా పోలేదు. మద్యం నిద్ర త్వరగా తెస్తుంది, ఆ తర్వాత రెండో సగం రాత్రిని ముక్కలు చేస్తుంది. దవడ కదిలేది అలాంటి ముక్కల నిద్రలోనే.

పిల్లలు రాత్రి పళ్లు కొరికితే కడుపులో పురుగులని తెలుగు ఇళ్లలో అనుకుంటారు. నులిపురుగుల మాత్ర వేయించడం మంచిదే, ప్రభుత్వం ఏటా బడుల్లో ఇస్తోంది కూడా. కానీ పురుగులకూ పళ్లు నూరడానికీ సంబంధం ఉందని గట్టిగా తేలలేదు. చాలామంది పిల్లల్లో వయసుతో పాటు అదే పోతుంది.

వేరు వేరు అని ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. పగటి బిగువును మనిషి తానే గమనించి మాన్పించుకోగలడు, నిద్రలో అది కుదరదు. పొద్దున లేవగానే దవడ పట్టేసి ఉంటే రాత్రి సంగతి చూడాలి. సాయంత్రానికి నొప్పి పెరుగుతూ వస్తే పగటి సంగతి చూడాలి. డాక్టరు దగ్గర చెప్పాల్సిన మొదటి ముక్క ఇదే. మరాఠీ మాట్లాడే డాక్టరు ముందు కూర్చున్న తెలుగు రోగి చేయి చెంప మీద పెట్టి "ఇక్కడ నొప్పి" అని ఊరుకుంటే ఈ తేడా అక్కడే పోతుంది.

చెవిపోటు అని, పన్నుపోటు అని

దవడ కీలు చెవి గొట్టానికి సరిగ్గా ముందుంటుంది. అందుకే నొప్పి చెవిలో ఉన్నట్టు, చెవి మూసుకుపోయినట్టు, ఏదో మోగుతున్నట్టు అనిపిస్తుంది. చెవి డాక్టరు చూసి చెవి బాగానే ఉందంటాడు. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా చెవి, గొంతు వైద్యుడు ఈ చెవి లక్షణాలకు దవడతో ముడి ఉందని రాశాడు. ముడి ఉన్న మాట నిజమే. కానీ ఆయన తప్పంతా పళ్ల కలయిక ఎత్తు తగ్గడం మీద వేశాడు. దాంతో ఆ తర్వాత దశాబ్దాల పాటు పళ్లు అరగదీసి, అవి కలిసే తీరు సరిచేసి నొప్పి తగ్గించాలని చూశారు. 1969లో డానియెల్ లాస్కిన్ అనే అమెరికా నోటి శస్త్రవైద్యుడు దృష్టిని కండరం మీదకు, మనసు మీదకు తిప్పాడు. నొప్పి కోసం మంచి పళ్లను అరగదీయడం ఇప్పుడు సరైన వైద్యం కాదు.

పన్నుపోటు ఇంకా మోసం చేస్తుంది. బుగ్గ కండరంలో ముడులు కట్టిన చోట్ల నుంచి నొప్పి దవడ పళ్లలోకి, కణత కండరం నుంచి పై పళ్లలోకి పాకుతుంది. ఏ పన్నో వేలు పెట్టి చూపించలేరు, చల్లనీళ్లకు జివ్వుమనదు, ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. అయినా పన్ను పీకేస్తారు, నొప్పి మాత్రం అక్కడే ఉంటుంది. ఇందులో తప్పంతా వైద్యులదే అనడం కష్టం. సిరోంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. వంతెన దాటితే కాళేశ్వరం వస్తుంది గానీ నోటి వైద్యంలో స్పెషలిస్టు కావాలంటే వరంగల్ దాకానో మంచిర్యాల దాకానో పోవాలి. ఒకరోజు కూలి, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చిన మనిషి "వేచి చూద్దాం, రెండు వారాల తర్వాత రండి" అన్న మాటతో తిరిగి వెళ్లడు. ఏదో ఒకటి చేసి పంపమంటాడు. ఆ ఏదో ఒకటి తరచుగా ఒక మంచి పన్ను అవుతుంది.

మూడు వేళ్లు పట్టాలి

దవడకు ఏ వ్యాయామమైనా మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. నోరు బాగా తెరిచి, సొంత చేతి మూడు వేళ్లను, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు, ఒకదాని కింద ఒకటిగా ముందు పళ్ల మధ్య పెట్టి చూడాలి. మామూలుగా నోరు 40 నుంచి 50 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది కాబట్టి మూడూ పట్టాలి. రెండే పడితే ఎందుకో తెలుసుకోవాలి.

టెన్షన్‌తో బిగిసిన దవడ కూడా సరిగా తెరుచుకోదు. కానీ ఖర్రా, గుట్కా, వక్క నమిలేవాళ్లలో నోరు తెరుచుకోకపోవడానికి పూర్తిగా వేరే కారణం ఉండొచ్చు. వక్కలోని ఆరెకోలిన్ నోటి లోపలి పొర కింద నారపోగులు పేరుకునేలా చేస్తుంది. పేరుకున్నవి మామూలుగా కరగాలి, వక్క వాటిని కరగనివ్వదు. బుగ్గల లోపలి మెత్తని పొర తెల్లబడి, గట్టిపడి, పట్టీల్లా తయారవుతుంది. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. 1952లో ష్వార్ట్జ్ అనే పరిశోధకుడు కెన్యాలో ఉన్న భారతీయ మహిళల్లో దీన్ని మొదట వివరించాడు. ఇది క్యాన్సర్‌కు ముందుదశగా లెక్కించే జబ్బు. వక్కలో పొగాకు కలపకపోయినా అది క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. తీపి సుపారీ పేరుతో అమ్మేది కూడా వక్కే.

రెండింటికీ తేడా ఇంట్లోనే కొంతవరకు పట్టుకోవచ్చు. కండరం బిగువైతే నొప్పి ఉంటుంది, ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఉంటుంది, కాపడం పెడితే నోరు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. ఫైబ్రోసిస్‌లో నొప్పి పెద్దగా ఉండదు. మొదట కారం తగిలితే నోరు మంట. పచ్చిమిరపకాయ కొరుక్కుని జొన్న రొట్టె తినే మనిషి ఉన్నట్టుండి పప్పులో కారం కూడా ఓర్చుకోలేకపోతే అది వయసు మీద పడటం కాదు. తర్వాత నెలల మీద మెల్లగా నోరు బిగుసుకుపోతుంది, ఏ రోజూ మెరుగుపడదు. బుగ్గ లోపల వేలితో తడిమితే తీగల్లా తగులుతాయి. ఇలాంటి నోటిని టెన్షన్ అనుకుని బలవంతంగా సాగదీస్తూ కూర్చుంటే పోయేది కాలం. నాగ్‌పూర్‌లో 1968 నుంచి ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, బల్లార్‌పూర్‌లోని బల్లార్షా జంక్షన్ నుంచి రైలు సౌకర్యం ఉంది. సిరోంచ వైపువారికి తెలంగాణ దగ్గర. ఎటు వెళ్లినా ఖర్రా ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని పుడకలు (పొట్లాలు) అనే లెక్క దాచకుండా చెప్పాలి.

మహారాష్ట్ర 2012లోనే గుట్కాను నిషేధించింది. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సంస్థ సర్చ్, ప్రభుత్వంతో కలిసి ముక్తిపథ్ పేరుతో పొగాకు, మద్యాల మీద ఏళ్లుగా పని చేస్తోంది. అయినా ఖర్రా నిలిచిందంటే కారణం దాని తయారీలోనే ఉంది. ఫ్యాక్టరీ పొట్లం అక్కర్లేదు, వక్కా పొగాకూ సున్నమూ ఎక్కడైనా దొరుకుతాయి, ఠేలా మీద నిమిషంలో తయారవుతుంది.

దవడ కోణంలో చూస్తే ఖర్రా రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. గంటల తరబడి నమలడంతో కండరానికి విశ్రాంతి సమయం తినేస్తుంది. అందులోని నికొటిన్ కాసేపు హాయినిచ్చి, ఒంట్లో తగ్గగానే చిరాకు, బిగువు తెస్తుంది. ఆ చిరాకును టెన్షన్ అనుకుని మళ్లీ ఒక పుడక విప్పుతారు. ఖర్రా వల్ల టెన్షన్ తగ్గుతోందన్న నమ్మకంలో చాలా భాగం ఇదే: ముందు పుడక తెచ్చిన లోటును తర్వాతి పుడక తీరుస్తోంది.

మానేసిన మొదటి రెండు మూడు వారాల్లో పళ్లు బిగించడం ఇంకా పెరగవచ్చు. అది ముందే తెలిస్తే మంచిది, లేదంటే మానడం వల్లే నొప్పి వచ్చిందన్న మాట పుడుతుంది. ఖర్రాకు బదులు చూయింగ్ గమ్ అందుకోవడం దవడ నొప్పి ఉన్నవాళ్లకు పొరపాటు. నికొటిన్ గమ్‌కు కూడా దవడ నొప్పి తెలిసిన దుష్ఫలితమే. దాన్ని నాలుగుసార్లు నమిలి బుగ్గన పెట్టి ఉంచాలి, ఆపకుండా నమలకూడదు. డాక్టరును అడిగితే అంటించుకునే ప్యాచ్ ఇస్తారు, దవడకు అది నయం. లవంగమో యాలకో బుగ్గన పెట్టుకుని నమలకుండా ఉంచుకోవడం చాలామందికి పనిచేస్తుంది. పొగాకు మానడానికి 1800112356 అనే జాతీయ ఉచిత నంబరు ఉంది.

బిగువు వదిలించే పని

మొదటి పని గమనించడం. వినడానికి మందులా అనిపించదు గానీ పగటి బిగువుకు ఇంతకు మించిన చికిత్స లేదు. షిఫ్టు సైరన్ మోగినప్పుడు, హెల్మెట్ పట్టీ పెట్టుకున్నప్పుడు, ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడు, పొయ్యి వెలిగించినప్పుడు, రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి దీన్ని ముడిపెట్టాలి. ఆ క్షణంలో పళ్లు తగులుతున్నాయా? తగులుతుంటే పెదవులు మూసి "మ్మ్" అని మెల్లగా అనాలి. ఆ శబ్దం వస్తున్నంతసేపు పెదవులు కలిసి ఉంటాయి, పళ్లు వాటంతటవే విడిపోతాయి. ఇక నాలుక. "ల" అన్నప్పుడు కొస పై పళ్ల వెనక గట్టు మీద ఎక్కడ తగులుతుందో అక్కడే తేలిగ్గా ఆనించి వదిలేయాలి, నొక్కకూడదు. భుజాలు దించి, పీల్చిన దానికంటే నెమ్మదిగా ఊపిరి వదలాలి. మొత్తం అర నిమిషం పని. రోజుకు ముప్పై నలభైసార్లు చేయాల్సి రావచ్చు. మొదటి వారం అంతా పళ్లు ఎప్పుడూ తగిలే ఉన్నాయని తెలిసి విసుగొస్తుంది. అలా తెలియడమే ముందడుగు.

కండరానికి కాపడం. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను చెంప, కణతల మీద 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. మే నెలలో చంద్రపూర్ 45 డిగ్రీలు దాటినప్పుడు వేడి గుడ్డ ఎవరికీ రుచించదు. అప్పుడు చల్లటి గుడ్డ పెట్టినా తప్పు లేదు. కాపడం తర్వాత పళ్లు ఒకసారి కొరికి ఉబ్బే చోటు పట్టుకుని, వదిలేసి, అక్కడ రెండు వేళ్లతో అర నిమిషం నిదానంగా నొక్కి గుండ్రంగా రాయాలి. తట్టుకోగలిగినంత నొప్పి వరకే. ఏ నూనె అన్నది ముఖ్యం కాదు.

తర్వాత కదలిక. నాలుక కొసను ఆ "ల" చోటునే ఉంచి, అది జారిపోనంత మేరకే నోరు మెల్లగా తెరిచి మూయాలి. ఆరుసార్లు, రోజులో నాలుగైదు విడతలు. అద్దం ముందు చేస్తే గడ్డం ఒక పక్కకు వంకరపోకుండా చూసుకోవచ్చు. నాలుక అక్కడ ఉన్నంతసేపు కీలు మరీ ముందుకు జారదు, అదే ఇందులోని కిటుకు. కీలులో టక్ మన్న చప్పుడు చాలామందికి ఉంటుంది. నొప్పి, పట్టేయడం లేకపోతే ఆ చప్పుడుకు చికిత్స అక్కర్లేదు. చప్పుడు వస్తుందో లేదో అని పదేపదే తెరిచి చూసుకోవడం మాత్రం మానాలి.

కండరాన్ని ముందు బిగించి తర్వాత వదిలే పద్ధతి కూడా ఉంది. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా వైద్యుడు 1920లలో రూపొందించాడు. పిడికిలి, భుజాలు, పొట్ట, కాళ్లకు అది బాగా పనిచేస్తుంది. నొప్పి ఉన్న దవడను మాత్రం బిగించకుండా వదిలే భాగమే చేయాలి.

తిండి రెండు వారాలు మార్చితే చాలు. జొన్న రొట్టెను పప్పులోనో పాలలోనో నానబెట్టుకోవచ్చు, గటక, అంబలి, అన్నం మామూలే. కాల్చిన మక్క కంకి, చెరకు, ఎండు కొబ్బరి, గట్టి మాంసం పక్కన పెట్టాలి. ఒకవైపే నమలడం, గడ్డం కింద చేయి ఆనించుకుని ఫోను చూడటం, బోర్లా పడుకోవడం దవడను ఒక పక్కకు నెడతాయి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టి ఆపుకోవాలి. మిరప చేలో రోజంతా తల వంచి ఏరేవాళ్లకు మెడ పట్టేస్తుంది, మెడతో పాటు దవడా. వాళ్లకు గంటకోసారి నిలబడి తల వెనక్కి, పక్కలకు కదిలించడం ఏ మాత్ర కంటే తక్కువ కాదు.

గార్డు, బొటాక్స్, మాత్రలు

పట్టణాల్లో దవడ నొప్పి అనగానే రాత్రి పళ్ల మీద పెట్టుకునే తొడుగు, నైట్ గార్డు చేయించమంటారు. రాత్రి నూరుడు వల్ల పళ్లు అరిగిపోతుంటే అది పళ్లకు రక్షణ, అందులో అనుమానం లేదు. కానీ అది పళ్లు నూరడాన్ని ఆపదు. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకం మూడు నెలలు దాటిన దవడ నొప్పికి ఏది పనికొస్తుందో తూచి చెప్పింది. ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, చేత్తో కండరం ముడులు వదిలించడం, ఇంట్లో చేసుకునే వ్యాయామాలూ సరైన అవగాహనా, వీటిని గట్టిగా సిఫారసు చేసింది. నొప్పి తగ్గించడానికి గార్డు, కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ మాత్ర లాంటివి మామూలుగా వద్దనే వైపు మొగ్గింది. పళ్లను శాశ్వతంగా కదిలించే పరికరాలు, కీలు బిళ్ల తీసేసే ఆపరేషన్ అసలే వద్దంది. ఇంకో మాట కూడా ఉంది: ఒట్టి రిలాక్సేషన్‌ను ఒంటరిగా వాడటం వల్ల పెద్ద ప్రయోజనం దానికి కనబడలేదు. కళ్లు మూసుకుని పావుగంట ప్రశాంతంగా కూర్చుని, మిగిలిన రోజంతా పళ్లు బిగిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

సిఫారసు చేసినవాటిలో చాలావరకు చవకైనవి, వద్దన్నవాటిలో కొన్ని ఖరీదైనవి. చవకైనవాటికి మనిషి సమయం కావాలి, పక్కన కూర్చుని నేర్పేవాళ్లు కావాలి. తాలూకా స్థాయిలో అదే కొరత. మనసు భారం గురించి సొంత భాషలో మాట్లాడాలనుకునేవారికి 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీమానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగు, మరాఠీ సహా 20 భాషల్లో ఉచితంగా కౌన్సెలింగ్ దొరుకుతుంది. రెండు రాష్ట్రాల మధ్య ఉండి, ఆసుపత్రిలో ఒక భాష, ఇంట్లో ఒక భాషగా బతికేవాళ్లకు ఇది తక్కువ సదుపాయం కాదు.

టెన్షన్ ఖాతాలో వేయకూడనివి కొన్ని ఉన్నాయి. నడిచినప్పుడో బరువు ఎత్తినప్పుడో దవడ లాగి, చెమట పట్టి, ఛాతీ బరువెక్కితే గుండె సంగతి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. జ్వరం, వాపుతో నోరు తెరుచుకోకపోతే జ్ఞానదంతం దగ్గర చీము పట్టి ఉండొచ్చు. గాయమైన కొద్దిరోజులకు దవడ బిగుసుకుపోతే ధనుర్వాతం అనుమానించాలి. యాభై దాటినవారికి కొత్తగా కణత నొప్పి, నములుతుంటే దవడ అలసట, చూపు మసకబారడం కలిసి వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు. ముఖం మీద కరెంటు కొట్టినట్టు క్షణకాలం మెరిసే పోటు నాడికి సంబంధించినది, కండరానిది కాదు. నోట్లో మూడు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఉంటే ఖర్రా నమిలేవాళ్లు దవడ సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని చూపించుకోవాలి.

ఇవేవీ లేకుండా ఉత్త బిగువే అయితే పైన చెప్పినవి మూడు నాలుగు వారాలు వదలకుండా చేస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. ఆరు వారాలు గడిచినా మూడో వేలు పట్టకపోతే, అప్పుడు దవడను ఇంకా సాగదీయడం ఆపి, బుగ్గ లోపల చూడగలిగే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.